అమ్మ మిరపకోతలకు పోని ఏడాది



ఇక్కడ రాసి నెల దాటింది. "అక్కా ఎక్కడున్నావ్", "మేడమ్, సీరీస్ ఆపేశారా" అని మెసేజులు పెట్టిన పిల్లలందరికీ ఒకటే జవాబు. ఇంట్లో ఉన్నాను. పల్నాడులో మా మాదిగపల్లెలో, అమ్మ మంచం మీద నేను, కింద చాప మీద అమ్మ. ఎడమ రొమ్మూ, చంకలోని లింఫు గ్రంథులూ తీసేసి ఇవాళ్టికి 24 రోజులు. రిపోర్టు వచ్చింది. వచ్చే వారం కీమో మొదలు.

జబ్బు సంగతి ఇంతే. ఇవాళ రాసేది జబ్బు గురించి కాదు. జబ్బు తర్వాత పడుకోవడం గురించి. పడుకోవడం గురించి రాయడానికి ఏముంటుంది అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఆసుపత్రి నుంచి ఐదో రోజు ఇంటికి పంపించారు. పక్కలోంచి ఒక గొట్టం, దాని చివర ప్లాస్టిక్ డబ్బా. లోపల ఊరే నెత్తురూ నీరూ అందులోకి దిగుతుంటాయి. పొద్దునా సాయంత్రం కొలిచి రాయాలి. రోజు మొత్తం మీద 30 మిల్లీలీటర్ల లోపు, అదీ వరసగా రెండు రోజులు వస్తేనే గొట్టం తీస్తామన్నారు. మా అమ్మ వేలిముద్ర మనిషి. డబ్బా మీది గీతలు చూపించి "అమ్మా, ఇది పది, ఇది ఇరవై" అని ఒక్కసారే చెప్పాను. మర్నాటికల్లా "ఇయ్యాల అరవై దాటలేదే" అంది. ముందు నోటుబుక్కులో అంకెలు నేనే వేసేదాన్ని. ఎనిమిదో రోజు నాకు జ్వరం వచ్చి లేవలేకపోతే ఆమే గీతలు పెట్టింది. మిరపకాయల బస్తాలు లెక్కబెట్టుకునే గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. ఒక్కో గీతకు పది మిల్లీలీటర్లు. 14వ రోజు చూపించుకోవడానికి పోతే డాక్టరు ఆ పేజీ చూసి, ఇది ఎవరు రాశారని అడిగాడు. "నేనే సార్" అంది అమ్మ. ఆ రోజే గొట్టం తీశారు.

ఇది కోతల కాలం. మా దగ్గర మిరపకోత అంటే ఏడాది తిండి. పల్లెలో ఆడవాళ్లంతా తెల్లారక ముందే ఆటోలెక్కి పోతారు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి అమ్మ కోతకు పోని ఏడాది నేను చూడలేదు. ఈ ఏడాది పోలేదు. రోజుకు 400 రూపాయల కూలి. 24 రోజులు. లెక్క మీరే కట్టుకోండి. ఆ లెక్క ఏ ఆసుపత్రి బిల్లులోనూ లేదు.

నా ఆపరేషన్ కార్డు మీద అయింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు నేను చదువుకుంటున్న పిల్లని. దాని మీద ఎన్ని విమర్శలున్నా, ప్రభుత్వాసుపత్రులకు పోవాల్సిన డబ్బు ప్రైవేటుకు పోయిందన్న విమర్శను నేనూ చేసి ఉన్నా, ఒక కూలి మనిషి కూతురు ఆపరేషన్ బల్ల ఎక్కగలిగింది దాని వల్లే. ఆ మాట దాచను. కానీ బల్ల మీద ఉన్నది మూడు గంటలు. ఆ మూడు గంటలకు ప్యాకేజీ ఉంది, రేటు ఉంది, కోడ్ ఉంది. ఆ తర్వాత మొదలైన నెలలకు ఏమీ లేదు. డ్రెస్సింగు, స్నానం, పక్క మార్చడం, అన్నం కలిపి పెట్టడం, రాత్రి రెండింటికి నొప్పి లేస్తే లేచి కూర్చోవడం, 60 కిలోమీటర్లు బస్సులో తీసుకుపోయి తీసుకురావడం. ఇదంతా ఎవరో ఒక ఆడమనిషి చేసుద్దిలే అన్న నమ్మకం మీదే మన వైద్యం మొత్తం నడుస్తోంది. ఆపరేషన్ ప్రభుత్వానిది. కోలుకోవడం అమ్మది.

నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. నేను గెస్ట్ లెక్చరర్‌ని. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది, తొమ్మిదేళ్ల అనుభవం ఉంది, సెలవు లేదు. పీరియడ్ చెబితే పీరియడ్ డబ్బులు. చెప్పకపోతే లేవు. రొమ్ములో గడ్డ చేతికి తగిలింది మొన్నటి పరీక్షలప్పుడు. అప్పుడే చూపించుకోవాల్సింది. పేపర్లు దిద్దితే పేపరుకింత వస్తుంది కదా, అయ్యాక చూద్దాం అనుకున్నాను. తర్వాత అడ్మిషన్లు. తర్వాత యూనిట్ టెస్టులు. నాలుగు నెలలు గడిచాయి. అమ్మాయిలూ, ఇది చదువుతున్న మీలో ఎవరికైనా గడ్డ తగిలితే నాలా చేయకండి. నొప్పి లేదు కదా అనుకోకండి. నాకూ నొప్పి లేదు.

ఆపరేషన్ అని ఫోన్ చేస్తే కాలేజీలో పెద్దాయన చాలా మర్యాదగా మాట్లాడారు. "ఆరోగ్యం ముందమ్మా, బాగా రెస్ట్ తీసుకోండి" అన్నారు. ఆ వెంటనే "మీ బదులు ఎవరినైనా మీరే చూసి పెట్టగలరా" అన్నారు. రెస్ట్ తీసుకోమన్న మనిషికి ఆ రెస్టుకు డబ్బులు ఎవరిస్తారన్న ఆలోచనే రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు మెడికల్ లీవు ఉంది. విశ్రాంతి అనేది గాలి లాగా అందరికీ ఉంటుందని అనుకుంటాడు, అంతే. విశ్రాంతి గాలి లాంటిది కాదు, భూమి లాంటిది. కొందరికి తాతల నాటి నుంచి ఉంది. కొందరికి పట్టా లేదు. మనం పంచమని అడగాల్సిన వాటి జాబితాలో దాన్ని ఇంతవరకూ రాసుకోలేదు.

బాబాసాహెబ్ రాసుకున్నాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లు మీద ఆయన మాట్లాడాడు. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు కాన్పుకు ముందూ తర్వాతా విశ్రాంతి దొరకడం దేశానికే మేలన్నాడు. అందుకని ఆ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వమే మోయాలనీ, యజమాని కూడా తప్పించుకోలేడనీ వాదించాడు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. ఇందులో కొత్తదనం ఏమిటో చూడండి. విశ్రాంతిని ఆయన ఇంటి విషయంగా చూడలేదు. దయగా చూడలేదు. దానికి ఖర్చు ఉంటుంది, ఆ ఖర్చు ఎవరో ఒకరు కట్టాలి, కూలి మనిషి ఒంటి మీద నుంచి మాత్రం కట్టకూడదు అన్నాడు. మనం జయంతికీ వర్ధంతికీ రాజ్యాంగం గురించి మాట్లాడతాం. ఈ ఉపన్యాసం గురించి ఎంతమందిమి మాట్లాడాం? నేను మాట్లాడలేదు.

1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూశాడు. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక వచ్చింది ఆ కాలంలోనే, 1944లో. దాని మీద కట్టిన ఇఎస్ఐ చట్టం 1948లో వచ్చేనాటికి కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్. ఇద్దరూ మనవాళ్లే. ఇఎస్ఐ కింద ఉన్న కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల వరకూ జీతంలో 70 శాతం వస్తుంది. క్యాన్సర్ లాంటి జబ్బులకైతే, షరతులకు లోబడి, రెండేళ్ల దాకా 80 శాతం వస్తుంది. అంటే కోలుకోవడానికి నెలలు పడుతుందనీ, ఆ నెలల్లో మనిషి తినాలనీ ఈ దేశపు చట్టానికి ఎప్పుడో తెలుసు. కానీ ఆ చట్టం ఫ్యాక్టరీలకూ, నోటిఫై చేసిన సంస్థలకూ వర్తించేది. మిరపచేను ఫ్యాక్టరీ కాదు. పీరియడ్ల లెక్కన పనిచేసే నేను ఆ చట్టంలో లేను. మనవాళ్ల చేతుల మీదుగా వచ్చిన చట్టం మన పల్లె దాకా రాలేదు.

మన రాష్ట్రంలోనే 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని పథకం పెట్టారు. ఆపరేషన్ తర్వాత ఇంటి దగ్గర ఉండాల్సిన రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 మించకుండా. ఏ పార్టీ పెట్టిందన్నది పక్కన పెడదాం. కోలుకునే రోజుకు కూలి ఉంటుందని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. అది చిన్న సంగతి కాదు. అయితే పథకం వేరు, హక్కు వేరు. పథకానికి ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, లెక్క మారుతుంది. ఇంకో సంగతి, ఆ లెక్కలో రోగి ఉన్నాడు గానీ రోగిని లేపి కూర్చోబెట్టే మనిషి లేదు.

తిండి దగ్గర కొంచెం ఆగుతాను. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఒక అచ్చు కాగితం ఇచ్చారు. కోత మానాలంటే మాంసకృత్తులు కావాలట. నిజమే. అందుకని పనీర్, బాదం, మొలకలు, ప్రొటీన్ పౌడర్ డబ్బా. డబ్బా ధర అమ్మ రెండు రోజుల కూలి. అమ్మకు ఆ కాగితం చదివి వినిపించాను. అంతా విని, "అందులో పెద్దకూర లేదా?" అంది. లేదన్నాను. "రాయడం మర్చిపోయినట్టున్నారు" అంది. మర్చిపోలేదమ్మా, వాళ్లకది కంటికి కనపడదు. ఆదివారం ఎముకలు తెచ్చి రాత్రంతా సన్న సెగ మీద కాచి, పొద్దున మిరియాలేసి గిన్నెడు పులుసు పెట్టింది. మా పల్లెలో బాలింతకీ, కాలు విరిగినవాడికీ అదే మందు. ఊళ్లోంచి పలకరించడానికి వచ్చిన ఒక టీచరమ్మ వాసన పట్టి గుమ్మం దగ్గరే నిలబడింది. "ఈ టైమ్‌లో సాత్వికాహారం మంచిదండీ" అంది. ఆమె యాపిల్స్ తెచ్చింది. యాపిల్స్ నేను తిన్నాను. సలహా గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

ఆపరేషన్ అయిన చేతికి వ్యాయామం ఉంది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకాలి. చెయ్యి ఎంత దూరం పోతే అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టుకోవాలి. ఆ చేతికి ఇక సూదులు వద్దు, బీపీ పట్టీ వద్దు, కోసుకోకూడదు, బరువులు మోయకూడదు. గ్రంథులు తీసేశారు కాబట్టి చెయ్యి వాచే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందట. బిందె ఎత్తొద్దు, బట్టలు పిండొద్దు అని రాసిన ఆ కాగితం అమ్మకు చదువుతుంటే నాకే నవ్వొచ్చింది. మా పల్లెలో ఏ ఆడమనిషి చేతికి ఈ కాగితం ఇచ్చి పాటించమంటారు? గడ్డి కోయకుండా, నీళ్లు మోయకుండా, మిరపచెట్ల మధ్య గీరుకోకుండా ఆమె ఏ పని చేసి బతకాలో కూడా ఆ కాగితం మీదే రాస్తే బాగుండేది.

అప్పుడు అమ్మ ఒక మాట అంది. "నాకూ చెప్పారు, ఆరు నెలలు బరువెత్తొద్దని. ఇరవయ్యో రోజున పత్తికి పోయా."

అమ్మకు గర్భసంచి తీసేశారు. మా పల్లెలో ఆ ఆపరేషన్ కాని నడివయసు ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కడుపునొప్పి అని పోతే తీసేశారు. అప్పుడామెకు 29 ఏళ్లు. నాకు తొమ్మిది. ఆ సంగతి నాకు తెలుసు గానీ ఎప్పుడూ అడగలేదు. మొన్న అడిగాను.

"అప్పుడు నీకు తోడెవరున్నారే?"

"ఇంకెవరు, నువ్వే."

నేనే. బోరింగు దగ్గర్నుంచి చిన్న బిందెతో నీళ్లు మోసింది, గంజి కాచింది, బడి మానేసింది నేనే. నాకు గుర్తు లేదు. బడి మానేసిన రోజులు గుర్తున్నాయి, నాన్న తాగుడు వల్ల అనుకుంటూ వచ్చాను. అమ్మ కోత మానకుండానే పత్తికి పోయింది కాబట్టి నేను 21వ రోజున మళ్లీ బడికి పోయాను. నేను లెక్చరర్‌ని కావడానికి ఎన్నో కారణాలు చెబుతుంటాను, వేదికల మీద. రిజర్వేషన్, హాస్టల్, స్కాలర్‌షిప్, ఒక మంచి తెలుగు మాస్టారు. వాటి కింద మా అమ్మ పడుకోని ఐదు నెలల పది రోజులు ఉన్నాయి. అవి ఇవాళ నేను పడుకుంటున్నాను.

నా పీహెచ్‌డీ దళిత స్త్రీల రచనల్లో శ్రమ మీద. ఊడ్పులు, కోతలు, పాకీ పని, పెంట ఎత్తడం, వంట, కాన్పు అన్నీ పట్టుకున్నాను. బేబీ కాంబ్లే ఆత్మకథలో బాలింతలు ఆకలితో పడి ఉండే ఘట్టాల మీద ఒక అధ్యాయంలో పేజీలకు పేజీలు రాశాను. మొన్న ల్యాప్‌టాప్‌లో ఆ థీసిస్ తెరిచి 'విశ్రాంతి' అని వెతికాను. ఒక్కచోట కూడా లేదు. నొప్పిని రాశాను, నొప్పి తీరే చోటు ఎందుకు లేదని అడగలేదు. మన శ్రమను మనమే అంతగా కీర్తించాం. అలసిపోని అమ్మ, అరిగిపోయిన చేతులు, ఎండలో నల్లబడిన ఒళ్లు. పాటలు కట్టాం. అమ్మ అలసిపోయింది, పాటలో చెప్పలేకపోయింది.

అమెరికాలో ఆడ్రే లార్డ్ అనే నల్లజాతి కవయిత్రికి 1978లో రొమ్ము తీసేశారు. 1980లో 'ది క్యాన్సర్ జర్నల్స్' అని పుస్తకం రాసింది. కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి పోతే, నువ్విలా వస్తే ఇక్కడివాళ్ల ఉత్సాహం దెబ్బతింటుందని నర్సు అందట. చూసేవాళ్ల సుఖం కోసం నా ఒంటిని నేనెందుకు సర్దుకోవాలని లార్డ్ ఎదురు తిరిగింది. ఆ పుస్తకం నేను క్లాసులో చెప్పాను. ఇప్పుడు నాకూ అలాంటి ఒత్తిడే ఉంది, వేరే రూపంలో. "నువ్వు ఫైటర్‌వి", "నువ్వు పులివి", "నీకేం కాదు, వచ్చే నెల మీటింగుకి నువ్వే రావాలి". ప్రేమతోనే అంటారు. కానీ పులి అని పిలిచినవాళ్ల ముందు పడుకోవడానికి సిగ్గేస్తుంది. నాకు పులి కావాలని లేదు. కొన్నాళ్లు రోగిగా ఉండాలని ఉంది.

ఈ మాట మనవాళ్లతోనే గట్టిగా చెప్పాలి. పదో రోజున సంఘం మిత్రులు తొమ్మిదిమంది వచ్చారు. చాలా సంతోషం. అందులో ఏడుగురు మగవాళ్లు. నన్ను పది నిమిషాలు పలకరించి, తర్వాత వర్గీకరణ తీర్పు మీద చర్చలో పడ్డారు. రెండు గంటలు. గొట్టం వేలాడుతున్న నేను మధ్యలో రెండు పాయింట్లు కూడా చెప్పాను, అది నా దురద. అమ్మ మూడుసార్లు టీ పెట్టింది. గ్లాసులు ఇంట్లో ఐదే ఉంటే పక్కింటి పిన్నమ్మ దగ్గర్నుంచి తెచ్చింది. వాళ్లు పోయాక 27 గ్లాసుల టీ కడుగుతూ, "మంచి పిల్లలే, బాగా మాట్లాడతారు" అంది. అన్నా, తమ్ముడూ, ఇది మీకు కోపం తెప్పించడానికి రాయడం లేదు. ఆ తొమ్మిదిమందిలో ఒక్కరు గ్లాసులు కడిగి ఉంటే, ఒక్కరు బిందె నింపి ఉంటే, అమ్మ అరగంట నడుం వాల్చేది. పిన్నమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా ఏమీ మాట్లాడదు. నా తల దువ్వి పోతుంది.

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. గెస్ట్, కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్ పేర్లతో కాలేజీల్లో పనిచేసేవాళ్లందరికీ జబ్బు చేస్తే జీతంతో సెలవు, కోలుకుని వచ్చేదాకా ఆ పోస్టు వాళ్లదే అన్న హామీ. పెద్ద ఆపరేషన్ ప్యాకేజీలో తోడున్న మనిషికి కూలి కూడా కలపాలి. చెరువులో మట్టి తీస్తే కూలి ఉంది, మనిషిని కోలుకునేలా చేస్తే ఎందుకు ఉండదు? డ్రెస్సింగు మార్చడానికీ, చేతి వ్యాయామం నేర్పడానికీ 60 కిలోమీటర్లు తిప్పకుండా దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం నుంచి మనిషి ఇంటికి రావాలి. పల్లెకు వచ్చే ఆశా అక్కకు ఆ శిక్షణా, దానికి తగ్గ జీతమూ ఇవ్వాలి. ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి.

మనల్ని మనం అడగాల్సింది ఒకటి. మన సంఘాల్లో ఎవరికైనా జబ్బు చేస్తే యాపిల్స్, పోస్టర్లు, "త్వరగా కోలుకోవాలి" పోస్టులు కాకుండా రోజులు పంచుకుందాం. సోమవారం నీది, మంగళవారం నాది. వచ్చినవాళ్లు వంట చేయాలి, గది ఊడవాలి, రోగితో వాదించకూడదు. మగవాళ్లకు మినహాయింపు లేదు.

నా క్లాసు పిల్లలు చెప్పకుండానే ఇది మొదలుపెట్టారు. రెండో సంవత్సరం అమ్మాయిలు ఇద్దరు, ఒక అబ్బాయి రేపు శనివారం వస్తున్నారు. పొద్దున్నించి సాయంత్రం దాకా వాళ్లే చూసుకుంటారట. ఆ మాట వినగానే అమ్మ, "అయితే రేపొక్క రోజు కోతకు పోయొస్తానే, ఆఖరి కోత" అంది. వద్దన్నాను. ఆ రోజు పడుకోమన్నాను. మంచం మీద, పగలు, ఫ్యాన్ వేసుకుని.

"పట్టపగలు పడుకుంటే పల్లెలో ఏమనుకుంటారే?" అంది.

ఏమనుకుంటారో రేపు చూద్దాం.

తర్వాతి భాగం కీమో మొదటి విడత అయ్యాక, ఓపికుంటే. లేకపోతే ఎదురు చూడకండి, పడుకుని ఉంటాను.

జై భీమ్.